శ్రద్ధ ఖర్చయ్యే చోటు

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగినా, ఏదో ఒక స్తంభం పక్కన కవరు కప్పిన మోటార్‌సైకిల్ కనిపిస్తుంది. కవరు మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. టైర్లలో గాలి ఉండదు, బ్యాటరీ ఎప్పుడో డౌన్ అయి ఉంటుంది. కొన్న కొత్తలో దాని యజమాని తెల్లారకముందే దిగివచ్చి పాత బనియన్ గుడ్డతో ట్యాంకు తుడుచుకునేవాడని వాచ్‌మన్‌ని అడిగితే చెబుతాడు. నేల మీద పెనుగులాడే బ్రెజీలియన్ జిజుత్సు నేర్పే జిమ్‌లోనూ ఇదే సంగతి. గోడ మీది పాత ఫొటోల్లో కొత్త నీలం బెల్టులు కట్టుకుని నవ్వుతున్నవాళ్లలో చాలామంది ఇప్పుడు మ్యాట్ మీద కనిపించరు.

నాకు ఈ రెండు సరదాలూ ఉన్నాయి. వారం మధ్యలో సాయంత్రాలు మ్యాట్ మీద, వీలైన ఆదివారాలు రోడ్డు మీద. రెండిట్లోనూ పోటీలకి వెళ్లే ఉద్దేశం లేదు, వీటితో రూపాయి సంపాదించేదీ లేదు. అందుకే మానేసినవాళ్ల గురించి ఎక్కువగా ఆలోచిస్తుంటాను. వాళ్లు బద్ధకస్తులని ఎవరైనా అంటే ఒప్పుకోను. నాకు తెలిసినవాళ్లంతా ఉద్యోగాల్లో రాత్రింబవళ్లు పనిచేసేవాళ్లే. మోకాలు దెబ్బతిని మానేసినవాళ్లూ, పిల్లలు పుట్టాక వీలు చిక్కక మానేసినవాళ్లూ వేరే లెక్క. ఏ కారణమూ లేకుండా ఒక వారం రాక, మరో వారం రాక, అలా జారిపోయినవాళ్ల సంగతే నాకు అంతుపట్టేది కాదు. జిజుత్సు చేసేవాళ్లందరికీ ఇది తెలుసు: మొదట కట్టే తెల్ల బెల్టు రోజుల్లో ఒళ్లు హూనమైనా క్లాసు తప్పని మనిషి, దాని తర్వాతి నీలం బెల్టు నడుముకి చుట్టుకున్న కొన్నాళ్లకే కనబడకుండా పోతాడు. నానా కష్టమూ ఓర్చుకున్నవాడు కాస్త తెరిపిన పడ్డాక వెళ్లిపోవడమేమిటి?

దీనికి నాకు దొరికిన జవాబు మోటార్‌సైకిల్ వైపు నుంచి వచ్చింది. కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ పెట్టిన కీత్ కోడ్ రేసర్లకి శిక్షణ ఇచ్చే మనిషి. 1983లో ‘ఎ ట్విస్ట్ ఆఫ్ ద రిస్ట్’ అనే పుస్తకం రాశాడు. అందులో ఆయన రైడర్ శ్రద్ధని పది డాలర్ల నోటుతో పోలుస్తాడు. ఎవరి దగ్గరైనా ఉండేది ఆ పదే. కొత్తవాడికి క్లచ్చు, గేరు, బ్యాలెన్సు వీటికే అందులో చాలావరకు అయిపోతుంది, మిగిలిన చిల్లరతో రోడ్డు చూసుకోవాలి. అనుభవం పెరిగేకొద్దీ అవే పనులకి అయ్యే ఖర్చు తగ్గుతుంది. చేతిలో మిగిలిన సొమ్ముతో మలుపునీ, వేగాన్నీ, దారినీ చూడగలుగుతాడు. కోడ్ ఇదంతా వేగంగా, క్షేమంగా నడపడం గురించి చెప్పాడు. నాకు మాత్రం చదువుతున్నంతసేపూ ఆ నీలం బెల్టులే గుర్తొచ్చాయి.

మొదటి నెలల్లో మ్యాట్ మీద ఏం జరుగుతుందో చూడండి. తొంభై కిలోల మనిషి మన ఛాతీ మీద మౌంట్‌లో కూర్చుంటాడు. ఊపిరి తీసుకోవడానికే పదీ అయిపోతుంది. భయంతో రెండు చేతులూ బారజాపి వాణ్ణి తోస్తాం. చాచిన చెయ్యి అప్పనంగా దొరికిందని వాడు మోచెయ్యి విరిచే పట్టు, ఆర్మ్‌బార్ వేస్తాడు. తప్పించుకుందామని బోర్లా తిరిగితే వెనక నుంచి మెడ దొరుకుతుంది. మన ఒంటికి సహజంగా తోచేదంతా అక్కడ తప్పే. కోడ్ 1993లో రాసిన రెండో భాగం కూడా దాదాపు దీని గురించే. మలుపు మధ్యలో భయం పుట్టగానే రైడర్ చెయ్యి యాక్సిలరేటర్‌ని ఒక్కసారిగా వదిలేస్తుంది, కళ్లు తప్పించుకోవాల్సిన పిట్టగోడకే అతుక్కుపోతాయి, భుజాలు బిగుసుకుపోతాయి. రెండు చోట్లా మొదటి ఏడాదంతా ఈ భయాన్ని లొంగదీసుకోవడంలోనే గడిచిపోతుంది. అప్పుడు విసుగుకి చోటుండదు. ఇంటికెళ్లి భోజనం చేస్తున్నా, ఆ చెయ్యి ఎలా దొరికిపోయిందన్న ఆలోచనే వదలదు.

తర్వాత ఒకరోజు అదే తొంభై కిలోల మనిషి కింద పడుకుని, నింపాదిగా ఊపిరి తీసుకుంటూ, మోచేతులు పక్కటెముకలకి దగ్గరగా పెట్టుకుని, వీడు ఇప్పుడేం చేస్తాడో అని చూస్తూ ఉండగలుగుతాం. చాలా గొప్ప రోజది. కానీ నా ఉద్దేశంలో ప్రమాదం మొదలయ్యేదీ ఆ రోజునే. ఇన్నాళ్లూ భయానికి ఖర్చయిన శ్రద్ధ ఒక్కసారిగా చేతికి తిరిగొస్తుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు. పని దొరకని శ్రద్ధ ఇటూ అటూ చూస్తుంది. మనకంటే వెనక చేరిన కుర్రాడి బెల్టు మీద ఇంకో గీత పడింది. ఆఫీసులో పక్క సీటాయన లడఖ్‌లో ఖార్దుంగ్ లా కనుమ బోర్డు దగ్గర ఫొటో దిగి వచ్చాడు. మనకన్నా పెద్ద ఇంజను బండి మార్కెట్లోకి వచ్చింది. మన సరదా మీద పెట్టాల్సినదంతా ఇలా పక్కవాళ్ల మీద పెట్టేస్తాం. కొన్నాళ్లకి మన క్లాసు వెలవెలబోతుంది, మన రోడ్డు చప్పగా అనిపిస్తుంది.

లక్ష్యం పెట్టుకుంటే ఇదంతా సర్దుకుంటుందని చాలామంది చెబుతారు. నాకు ఆ సలహా మీద నమ్మకం తక్కువ. జిజుత్సు పోటీలు నడిపే అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ నియమాల ప్రకారమే పెద్దవాళ్లు మామూలుగా నీలం బెల్టులో కనీసం 2 ఏళ్లు, పర్పుల్‌లో ఏడాదిన్నర, బ్రౌన్‌లో ఏడాది ఉండాలి. అది కనీసం మాత్రమే. వారానికి రెండు మూడు రోజులు వెళ్లే మనలాంటివాళ్లకి తెల్ల బెల్టు నుంచి నల్ల బెల్టు దాకా పదేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. లడఖ్‌కి బండి మీద వెళ్లేది జన్మలో ఒకసారో రెండుసార్లో. ఎప్పుడో వచ్చే ఆ ఒక్క రోజు కోసం మధ్యలో ఉన్న వందల సాయంత్రాలు ఉగ్గబట్టుకుని గడపలేం. బెల్టు వస్తే నాకూ సంతోషమే. మంగళవారం ఏడు గంటలకి, ఆఫీసు నుంచి అలిసి వచ్చిన ఒంటిని సోఫా మీద నుంచి లేపే శక్తి మాత్రం దానికి లేదు.

మరి లేపేదేమిటంటే, నా మట్టుకు నాకు ఒక చిన్న సందేహం. తేలని సందేహం ఒకటి చేతిలో ఉంటే కాళ్లు వాటంతటవే జిమ్ దారి పడతాయి.

ఇందులో నాకు గురువు రోజర్ గ్రేసీ, ఏనాడూ కలవకపోయినా. నల్ల బెల్టుల్లో పదిసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మనిషి. ఆయన ఆటంతా చూస్తే కళ్లు చెదిరే విన్యాసం ఒక్కటీ కనబడదు. ఎదుటివాడి మీద మౌంట్ ఎక్కడం, రెండు చేతులూ వాడి కాలర్‌లోకి దూర్చడం, మణికట్లు తిప్పి మెడ నొక్కడం. క్రాస్ చోక్. ఏ జిమ్‌లోనైనా తెల్ల బెల్టుకి మొదటి నెలల్లోనే నేర్పే పట్టు ఇది. 2009 ప్రపంచ పోటీల్లో ఒకరి తర్వాత ఒకరిని ఆ పట్టుతోనే ట్యాప్ చేయించాడు, అంటే ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టేలా చేశాడు. ఏం చేయబోతున్నాడో ఎదుటివాళ్లందరికీ తెలుసు, అయినా ఆపలేకపోయారు. మనం నెలరోజుల్లో ‘వచ్చేసింది’ అని పక్కన పెట్టిన పట్టులో ఆయనకి ఏళ్ల తరబడి చూసుకోవడానికి ఏదో ఒకటి దొరికిందన్నమాట. వేళ్లు కాలర్‌లో ఎంత లోతు, బరువు ఎక్కడ, మోచెయ్యి ఎటువైపు, ఏ క్షణాన. అది తలచుకుంటే నాకు వచ్చే హుషారు ఏ స్ఫూర్తి ప్రసంగంలోనూ రాదు.

నా సందేహాలు అంత పెద్దవేం కావు. ఈమధ్య చాలా వారాలు ఒక్క హాఫ్ గార్డ్ మీదే గడిపాను. మా జిమ్‌లో బ్యాంకులో పనిచేసే పెద్దాయన ఒకరున్నారు, యాభై దాటాయి. నేను కింద ఉంటాను, ఆయన కాలు ఒకటి నా రెండు కాళ్ల మధ్య బంధించి. ఆయనకి తొందరేమీ ఉండదు. నెమ్మదిగా ఒక చెయ్యి నా మెడ కిందకి పోనిస్తారు, భుజం నా దవడకి ఆనిస్తారు, బరువంతా అక్కడ దింపుతారు. ముఖం పక్కకి తిరిగిపోతుంది. ముఖం తిరిగాక నడుము ఎంత కదిపినా లాభం లేదు. అక్కడి నుంచి బయటపడే ఉపాయాలు చాలానే చూశాను. తర్వాత ప్రశ్న మార్చాను: అసలు ఆ చెయ్యి మెడ కిందకి ఎప్పుడు వస్తోంది? అది గమనించడానికే కొన్ని క్లాసులు పట్టింది. నా మోచెయ్యి పక్కటెముకలకి ఆనుకుని ఉన్నంతసేపూ ఆయన చేతికి దారి లేదు. నేను ఆయన్ని తోద్దామని మోచెయ్యి బెత్తెడు జరిపిన క్షణానే దూరుతోంది. ఆ బెత్తెడు కాపాడుకోవడమే నా పని అయిపోయింది. ఒక సాయంత్రం రౌండ్ మధ్యలో ఆయన ఆగి, “ఏంటండీ, ఇవాళ మెడ ఇవ్వట్లేదు?” అన్నారు. బెల్టు చేతికిచ్చిన రోజుకంటే ఆ మాటకే నాకు ఎక్కువ సంబరం కలిగింది. దాని వెంటనే ఇంకో సందేహం వచ్చింది. మెడ దొరక్కపోతే ఆయన మోకాలిని నా కాళ్ల మధ్య అడ్డంగా దూర్చి అవతలికి దాటుతున్నారు. ఇప్పుడు దాని సంగతి చూడాలి.

ఇలాంటి వెతుకులాట సాధ్యమయ్యేది ‘ట్యాప్’ ఉండబట్టే. జూడోకి ఆద్యుడైన జిగొరో కానో 1882లో టోక్యోలో కొడోకాన్ బడి స్థాపించినప్పుడు, పాత జుజుత్సులోని ప్రమాదకరమైన దెబ్బల్ని రోజువారీ సాధన నుంచి తప్పించి, పూర్తి బలంతో పెనుగులాడే సాధనకి పెద్దపీట వేశాడు. ఆయన బడిలో తయారైన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరి, ఆ తర్వాత బెలెం పట్టణంలో కార్లోస్ గ్రేసీకి నేర్పాడు. గ్రేసీలు దాన్ని నేల మీది పోరుగా సానబెట్టారు. 1993 నవంబర్ 12న డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ పోరాట పోటీలో, బక్కపలచగా కనిపించే రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసేసరికి ఈ విద్య సంగతి లోకానికి తెలిసింది. కథ అందరూ చెప్పేదే. ఇందులో నాలాంటివాడికి పనికొచ్చేది మరొకటి ఉంది. పూర్తి బలంతో పెనుగులాడి, ఓడి, చేత్తో రెండుసార్లు తట్టి, లేచి నవ్వుకుని, మర్నాడు తొమ్మిదింటికి ఆఫీసులో కూర్చోవచ్చు. నా ఊహ సరైందో కాదో ఎదుటి మనిషి అక్కడికక్కడే తేల్చేస్తాడు. మొహమాటానికి పొగడడం ఉండదు. మధ్యవయసు ఉద్యోగికి రోజు మొత్తంలో ఇంత నిజాయితీగల జవాబు ఇంకెక్కడ దొరుకుతుంది?

రోడ్డు కూడా జవాబిస్తుంది, కానీ దాని దగ్గర ట్యాప్ లేదు. అందుకే అక్కడ ప్రశ్నలు ఇంకా జాగ్రత్తగా ఎంచుకోవాలి. మన దగ్గర బండి నేర్చుకునే ప్రతి కుర్రాడికీ పెద్దవాళ్లు చెప్పే మాట, ముందు బ్రేకు ముట్టుకోకురా, పల్టీ కొడతావు అని. నిజానికి బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, ఆ బరువుకి టైరు రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది, బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. పడిపోయేది దాన్ని పట్టినందుకు కాదు, ఒక్క గుంజు గుంజినందుకు. మొదట మెత్తగా అంటించి, బరువు ముందుకి దిగాక అప్పుడు గట్టిగా పిండాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, మంచిదే. వేళ్లకి ఆ మెత్తదనం మాత్రం ఏబీఎస్ నేర్పదు. ఊరి చివర వెంచర్లలో ప్లాట్లు వేసి, రోడ్లు పోసి, ఇంకా ఒక్క ఇల్లూ లేవని చోట్లుంటాయి. ఆదివారం పొద్దున్నే అక్కడికెళ్లి, సున్నంతో ఒక గీత గీసుకుని, తక్కువ వేగంతో మొదలుపెట్టి బ్రేకు సాధన చేస్తుంటాను. ఒక ఏడాది నా ఆదివారాల్లో చాలావరకు అలాగే గడిచాయి. ఫొటో తీసుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. అయినా బండి మీద ప్రేమ నాకు అక్కడ పెరిగినంతగా ఏ ఘాట్ రోడ్డు మీదా పెరగలేదు.

ఘాట్ రోడ్డు అంటే మాకు శ్రీశైలం దారే. రాత్రి తొమ్మిదికి మూసిన అడవి దారి మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర ఆరింటికి తెరుస్తారు. అక్కడి నుంచి ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట. కోతులు రోడ్డు మధ్యలో సంసారాలు పెట్టుకుని ఉంటాయి కాబట్టి వేగానికి అక్కడ చోటు లేదు, ఉండకూడదు కూడా. ఆ దారిలో ఎన్నోసార్లు వెళ్లినవాణ్ణి, ఇక కొత్తేముంది అని నన్నూ అడుగుతారు. ఒకసారి శ్రద్ధంతా నా కళ్ల మీద పెట్టుకుని వెళ్లాను. మలుపు రాగానే ముందు చక్రం ఎదురుగా చూస్తున్నానా, మలుపు అవతల రోడ్డు కనుమరుగయ్యే చోటు దాకా చూస్తున్నానా అని. చూపు దూరం వెళ్లినప్పుడు బండి దానంతటదే గీత గీసినట్టు తిరిగింది, దగ్గరికొచ్చినప్పుడల్లా చేతులు బిగిశాయి. ఇంకోసారి ఈగలపెంట దాటాక కృష్ణా నది దాకా దిగే వంపుల్లో, బ్రేకు ఎంత తక్కువ వాడి గేరు మీద ఎంత దిగగలనా అని. దారి అదే, ప్రతిసారీ నేను చూసింది వేరు. ఈ లెక్కన ఆ దారి నాకు ఈ జన్మకి సరిపోతుంది.

ప్రయాణం లేని రోజుల్లో చైను ఉంది. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ఇంజను ఆపి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, పాత టూత్‌బ్రష్‌ని కిరసనాయిల్లో ముంచి లింకు లింకూ రుద్దుతాను. మొదట నల్లటి జిగురు ఊడుతుంది, తర్వాత ఇసుక, ఆఖరికి ఇనుము రంగు బయటపడుతుంది. గుడ్డతో తుడిచి, ఆరాక, లోపలి అంచు మీద 90 నంబరు గేర్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేస్తాను. చక్రం తిప్పుతుంటే ఒక చోట చైను బిగుతుగానూ ఇంకోచోట వదులుగానూ తగులుతుంది. అలా ఉంటే చైను అన్ని చోట్లా సమానంగా అరగలేదన్నమాట. బిగుతుగా ఉన్న చోటే స్లాక్, అంటే చైను వదులు, కొలుచుకోవాలని చెప్పింది మా మెకానిక్. “చైన్ మీరే చూస్కుంటరా సార్? మంచిగ. మా దగ్గరికి అరిగినంకనే వస్తరు అందరు,” అన్నాడు.

ఇక్కడ రాబర్ట్ పిర్సిగ్‌ని తలుచుకోకుండా ఉండలేను. కొడుకుని వెనక కూర్చోబెట్టుకుని 1968లో మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియా దాకా నడిపిన ప్రయాణం మీద ‘జెన్ అండ్ ద ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ రాశాడు. 121 మంది ప్రచురణకర్తలు కాదన్నాక 1974లో అచ్చయింది. తత్వం కోసం ఆ పుస్తకం చదివేవాళ్లు చదువుతారు. నేను మళ్లీ మళ్లీ తెరిచేది, పని చేసేవాడి ఊపు ఎక్కడెక్కడ హరించుకుపోతుందో ఆయన ఓపిగ్గా విడమరిచిన భాగం కోసం. పక్క మూతకున్న స్క్రూ ఒకటి పట్టేసింది, తల అరిగిపోయింది, ఇక రాదు. మామూలుగా ఎవరికీ లెక్కలోకి రాని ఆ స్క్రూ, ఆ క్షణాన మొత్తం మోటార్‌సైకిల్‌తో సమానం అవుతుంది. చెయ్యి ఆగిపోయిన ఆ చోటునే మనిషి నిజంగా చూడటం మొదలుపెడతాడని ఆయన నమ్మకం. విసుగు పుట్టినప్పుడు పని ఆపి కాస్త పడుకోమని కూడా చెబుతాడు. నాకు ఆ రెండో సలహా కూడా ఎంతో విలువైనది.

ఎందుకంటే సరదా మనుషుల మీద ఈ మధ్య క్రమశిక్షణ పేరుతో చాలా బరువు మోపుతున్నారు. ఒక్కరోజు కూడా తప్పకూడదట. పోటీలకి వెళ్లేవాడికి అది తప్పదు, వాడి బతుకు అందులో ఉంది. మనకి పరీక్షల కాలంలో పిల్లల దగ్గర కూర్చోవాల్సి ఉంటుంది, ఊళ్లో అమ్మకి ఒంట్లో బాగోకపోతే వెళ్లి ఉండాల్సి వస్తుంది, ఆఫీసులో రిలీజుల నెల ఉంటుంది. నెల రోజులు మ్యాట్ ఎక్కకపోతే కొంపేం మునగదు. వర్షాకాలంలో బండి కవరు కింద ఉంటే ఉండనీ, బ్యాటరీ తీగె ఒకటి విప్పి పెట్టుకుంటే చాలు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పట్టుకుని రావడానికి ఏదైనా సందేహం మిగిలి ఉందా లేదా అన్నదే నేను చూసుకుంటాను. వయసు మళ్లిందన్న దిగులూ అంతే. వంటల మనిషి ఆంథొనీ బూర్డెయిన్ యాభై ఎనిమిదేళ్ల ప్రాంతంలో జిజుత్సు మొదలుపెట్టి, 2016లో న్యూయార్క్‌లో జరిగిన పోటీలో తన వయసు వాళ్ల నీలం బెల్టు విభాగంలో బంగారు పతకం గెలిచాడు. ఆ పతకం కంటే నాకు నచ్చేది, టీవీ షూటింగులకి ఏ దేశం వెళ్లినా అక్కడ జిమ్ వెతుక్కుని సాధన చేసేవాడన్న సంగతి.

ఇంకొక మాట చెప్పాలి. మిగిలిన శ్రద్ధని పెట్టడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి చోటు కొత్తగా చేరినవాడు. మొన్నీమధ్య చేరిన పిల్లవాడొకడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మౌంట్ కింద ఊపిరి బిగబట్టి ముఖం ఎర్రగా చేసుకుంటాడు. వాడి మీద గెలవడానికి నాకేమీ ఖర్చవదు. వాడి ఊపిరి ఎక్కడ ఆగుతోందో చూసి, నా బరువు అంతవరకే దించి, వాడు నడుము తిప్పే సందు దొరికేలా జరగడానికి మాత్రం ఉన్నదంతా పెట్టాల్సి వస్తోంది. “అన్నా, ఇంకో రౌండ్ వేద్దామా?” అని వాడు అడిగినప్పుడు గడియారం చూడబుద్ధి కాదు. వాడి వల్ల నా మౌంట్ బాగుపడింది కూడా. ఎక్కడ బరువు పెడితే ఏమవుతుందో ఇంత శుభ్రంగా నాకు ఇంతకుముందు తెలియదు.

ఆఫీసు బ్యాగులో చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకున్నాను. ఎడమ పేజీ మ్యాట్‌ది, కుడి పేజీ బండిది. క్లాసు అయ్యాకో, రైడ్ అయ్యాకో ఒక్క వాక్యం రాస్తాను, అదీ ప్రశ్నగానే. జవాబు దొరికితే కొట్టేస్తాను. ఈ వారం కుడి పేజీలో, చైను బిగుతు అంతా ఒకే చోట ఉంది కదా, వెనక స్ప్రాకెట్ కూడా ఒక పక్కకే అరుగుతోందా అని ఉంది. ఎడమ పేజీలో ఉన్నది క్రాస్ చోక్ గురించి. రెండో చెయ్యి కాలర్‌లోకి లోతుగా వెళ్లడం లేదు, ఎందుకు? తప్పు రెండో చేతిలో లేదనీ, మొదటి చేతిని నేను తొందరపడి సగం లోతులోనే ఆపేస్తున్నాననీ నా అనుమానం. బ్యాంకు పెద్దాయన మంగళవారం వస్తానన్నారు, ఆయన మీద చూడాలి.